చెరుకు దీవుల బంతాట

(మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



ఇవాళ నేను ఫుట్‌బాల్ గురించి మాట్లాడదామనుకుంటున్నాను. అప్పుడే రేడియో కట్టేయకండి. పచ్చళ్ల గురించో, పిల్లల జలుబు గురించో చెప్పక ఈమెకు బంతాట ఎందుకు అనుకుంటున్నారు కదూ? ఈ కథలో బంతి ఎంత ఉందో, మన తెలుగు ఆడవాళ్లు మోసిన చెరుకు మోపులూ అంతే ఉన్నాయి. అందుకని నాకు చెప్పాలనిపించింది. పైగా ఇళ్లల్లో పిల్లలు రాత్రిళ్లు టి.వి. ముందు కూర్చుని అరుస్తూ ఉంటే, ఎవరు ఎవరితో ఆడుతున్నారో, ఎందుకు ఆడుతున్నారో మనకూ కొంచెం తెలిస్తే మంచిదే.

ఫిజీ అనే దేశం పేరు వినే ఉంటారు. పిల్లల భూగోళం పటం తెరిస్తే ఆస్ట్రేలియాకు కుడివైపున, న్యూజిలాండ్‌కు పైన, పసిఫిక్ మహాసముద్రంలో ఎవరో గుప్పెడు ఆవాలు చల్లినట్టు చుక్కలు కనిపిస్తాయి. అవే ఫిజీ దీవులు. మూడు వందలకు పైగా ఉన్నాయి గాని, మనుషులు ఉండేవి సుమారు వంద. 2017లో జనాభా లెక్క తీస్తే దేశం మొత్తం మీద తొమ్మిది లక్షలు కూడా లేరు. మన సిద్దిపేట జిల్లా లెక్క ఎంతనుకున్నారు? 2011 లెక్కల ప్రకారమే పది లక్షల పైచిలుకు. అంటే సిద్దిపేట, గజ్వేల్, దుబ్బాక, హుస్నాబాద్ అన్నీ కలిపి ఒక దేశమనుకుని, మన పిల్లల్లోంచి పదకొండు మందిని ఏరి, వెళ్లి జర్మనీ మీద ఆడి రండి అని పంపితే ఎట్లా ఉంటుంది? 2016లో ఫిజీ చేసింది అదే. బ్రెజిల్ దేశంలో రియో ఒలింపిక్స్‌కు తన ఫుట్‌బాల్ జట్టును పంపింది.

ఆ దీవుల్లో మనవాళ్లు ఎట్లా వచ్చారో ముందు చెప్పాలి. లేకపోతే ఈ ఆట సంగతి అర్థం కాదు.

1879 నుంచి 1916 దాకా ఇంగ్లీషు దొరలు మన దేశం నుంచి సుమారు అరవై వేల మందిని చెరుకు తోటల్లో పనికి ఫిజీకి ఓడల్లో తీసుకుపోయారు. మొదట్లో ఓడలన్నీ కలకత్తా నుంచే. 1903 నుంచి మద్రాసు రేవు నుంచి కూడా మొదలయ్యాయి. అట్లా దక్షిణాది నుంచి వెళ్లినవాళ్లు దాదాపు పదిహేను వేలు. అందులో అరవం వాళ్లు, మలయాళం వాళ్లతో పాటు విశాఖపట్నం, గోదావరి, నెల్లూరు, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. అయిదేళ్లు పనిచేస్తామని కాగితం మీద వేలిముద్ర వేయించుకునేవారు. ఆ కాగితాన్ని దొరలు అగ్రిమెంటు అంటే, మనవాళ్ల నోట్లో అది గిర్మిట్ అయింది. ఆ కూలీలు గిర్మిటియాలయ్యారు. అయిదేళ్లు గడిచాక తిరిగి వస్తామంటే ఓడ ఖర్చు ఎవరిది వారిదే. ఇంకో అయిదేళ్లు అక్కడే ఉంటే అప్పుడు ఉచితంగా తీసుకొస్తారట. పదేళ్లయ్యాక ఎవరు వస్తారు చెప్పండి? అక్కడే పెళ్లిళ్లు, అక్కడే పిల్లలు. చాలామంది ఉండిపోయారు.

ప్రతి నూరుమంది మగవాళ్లకు నలభై మంది ఆడవాళ్లు ఉండాలని నియమం పెట్టారు. ఆ నలభై లెక్క నిండితే గాని ఓడ కదలదు. ఆ లెక్క నింపడానికి ఏజెంట్లు గుళ్ల దగ్గర, సంతల్లో ఒంటరి ఆడవాళ్ల కోసం వెతికేవారు. ఇంట్లో గొడవపడి బయటికొచ్చిన కోడళ్లు, భర్త పోయి దిక్కులేనివాళ్లు ఎక్కువగా దొరికేవారు. తోటలో పని కొలత ప్రకారం. చెప్పిన కొలత పూర్తి చేస్తే మగవాడికి రోజుకు ఒక షిల్లింగు, అంటే పన్నెండు పెన్నీలు. ఆడదానికి తొమ్మిది. కొలత పూర్తి కాకపోతే ఆ మేరకు కోత. బాలింత అయినా, చంటిబిడ్డ ఉన్నా పనిలోకి దిగాల్సిందే. ఉండడానికి వరుసగా కట్టిన గదులు. ఒక్కొక్కటి పదడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పు. మన వంటింట్లో సగం కూడా ఉండదు. ఆ గదిలో ఒక కుటుంబం, లేదా ముగ్గురు ఒంటరి మగవాళ్లు.

మన వైపు నుంచి బొంబాయికి, ఆ తర్వాత దుబాయికి వెళ్లిన ఇళ్లు ఎన్నో మీకు తెలుసు. ఏజెంటు చేతిలో పాస్‌పోర్టు పెట్టి, చెప్పిన పని ఒకటి, అక్కడ చేయించే పని ఒకటి అని ఫోన్‌లో ఏడ్చిన పిల్లల్ని చూసినవాళ్లకు గిర్మిట్ సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు. మనవాళ్లకు ఫోనైనా ఉంది. వాళ్లకు ఆ దిక్కు కూడా లేదు. ఇంటి నుంచి జాబు వస్తే చదివిపెట్టేవాళ్లు సైతం అరుదు. 1916లో ఆఖరి ఓడ వెళ్లింది. 1920 జనవరి 1వ తేదీతో మిగిలిన అగ్రిమెంట్లన్నీ రద్దు చేశారు.

ఇక ఆట సంగతికి వద్దాం.

ఫిజీ మూలవాసులు కండపుష్టి గల మనుషులు. వాళ్లకు రగ్బీ అంటే ప్రాణం. కోడిగుడ్డు ఆకారంలో ఉన్న బంతిని చంకలో పెట్టుకుని ఒకరినొకరు గుద్దుకుంటూ ఆడే ఆట అది. చెరుకు తోటల మనవాళ్లు మాత్రం ఫుట్‌బాల్ పట్టుకున్నారు. ఖర్చు తక్కువ చూడండి. ఒక్క బంతి ఉంటే ఇరవై రెండు మంది ఆడతారు. బ్యాట్లు అక్కర్లేదు, బూట్లూ అక్కర్లేదు. కోత అయిపోయిన చెరుకు మడిలో రెండు కర్రలు పాతితే అదే గోలు. వారమంతా దొర చెప్పినట్టు నడిచిన కాళ్లు ఆదివారం ఒక్కరోజు తమకు తోచినట్టు పరుగెత్తాయి. అందుకే అంత పట్టుకుందని నాకనిపిస్తుంది.

1938లో సువా పట్నంలో ఫిజీ ఇండియన్ ఫుట్‌బాల్ సంఘం పెట్టుకున్నారు. చూశారా, పేరులోనే ఇండియన్ ఉంది. ఆ ఏడే జిల్లాల మధ్య పోటీ మొదలుపెట్టారు. బా, రేవా, నాంది, లౌటోకా, లంబాసా ఇట్లా ఊరి పేరుతో జట్టు. తర్వాత 1960ల మొదట్లో పేరులోంచి ఇండియన్ తీసేసి అన్ని జాతులవాళ్లకూ తలుపు తెరిచారు. అది మంచి పని. ఇవాళ ఫిజీ జట్టులో ఎక్కువ మంది మూలవాసులే ఉంటారు. మనవాళ్లు నాటిన చెట్టు కింద అందరూ కూర్చున్నారన్నమాట.

మన తెలుగువాళ్లకు ఇంకో ముచ్చట ఉంది. 1926లో నాంది పట్నంలో సాధు కుప్పుస్వామి అనే ఆయన దక్షిణాది వాళ్లకోసం తెన్ ఇండియా సన్మార్గ ఐక్య సంగం అని ఒకటి స్థాపించారు. ఉత్తరాదివాళ్లు మనవాళ్లందరినీ కలిపి మద్రాసీలు అని చిన్నచూపు చూసే రోజులవి. ఆ సంగం బడులు పెట్టింది, గుళ్లు కట్టింది, తమిళం, తెలుగు చెప్పించింది. ఇరవైకి పైగా ప్రాథమిక పాఠశాలలు, వాటిపైన హైస్కూళ్లు, లంబాసాలో నర్సులకు ఒక కాలేజీ కూడా దానివే. 1941లో తెలుగువాళ్లు తమకంటూ దక్షిణ ఇండియా ఆంధ్ర సంగం వేరుగా పెట్టుకున్నారు. తెలుగువాడు ఎక్కడికి పోయినా వేరింటి కాపురం పెట్టక మానడు కదా! ఈ సంగం వాళ్లు ఏటా ఈస్టర్ సెలవుల్లో మహాసభ జరుపుకుంటారు. చెరుకు నరికే పని జూన్ ప్రాంతంలో గాని మొదలుకాదు కాబట్టి అందరికీ తీరికే. ఆ మహాసభలో ఉపన్యాసాల కన్నా ముఖ్యమైనది ఫుట్‌బాల్ పోటీ. ఊరూరి నుంచి జట్లు వస్తాయి, విదేశాల్లో స్థిరపడినవాళ్లు సైతం వస్తారు. మన దగ్గర జాతరకు ఆడబిడ్డలు పుట్టింటికి వచ్చినట్టు.

ఇంత చిన్న దేశానికి ఒలింపిక్స్‌లో చోటు ఎట్లా దొరికిందంటారా? ప్రపంచం మొత్తాన్ని ఖండాలుగా పంచి, ఖండానికి ఇన్ని చోట్లని ఇస్తారు. మగవాళ్ల ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో 2016లో మొత్తం పదహారు జట్లు. పసిఫిక్ దీవుల ప్రాంతానికి ఒక్క చోటే. అక్కడ పెద్దన్న న్యూజిలాండ్. ఇంతకు ముందు ఆస్ట్రేలియా కూడా ఉండేది గాని, 2006లో ఆసియా వైపుకు మారిపోయింది. 2015 జులైలో పాపువా న్యూగినీ దేశంలో ఆ ఒక్క చోటు కోసం పోటీలు జరిగాయి. న్యూజిలాండ్ సెమీ ఫైనల్ గెలిచింది కూడా. కాని నిబంధనల ప్రకారం అర్హత లేని ఆటగాణ్ణి ఆడించారని వాళ్లను పక్కన పెట్టేశారు. దాంతో వనువాటు అనే ఇంకో చిన్న దీవుల దేశం ఫైనల్‌కి వచ్చింది. ఫిజీ, వనువాటు ఇద్దరూ ఒక్క గోలూ చేయలేదు. ఆఖరికి పెనాల్టీ కిక్కుల్లో 4–3తో ఫిజీ గెలిచింది. అదృష్టం అంటారా? కొంత అదృష్టమే. అదే ఏడాది జూన్‌లో ఇరవై ఏళ్లలోపు కుర్రాళ్ల ప్రపంచ కప్‌లో ఇదే ఫిజీ, హోండురాస్ దేశాన్ని 3–0తో ఓడించిందని కూడా గుర్తుంచుకుంటే మంచిది. అది అదృష్టంతో అయ్యే పని కాదు.

ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో ఇంకో నియమం ఉంది. మగవాళ్ల జట్టులో అందరూ ఇరవై మూడేళ్లలోపు వాళ్లు ఉండాలి, ముగ్గురు మాత్రం పెద్దవాళ్లు ఉండొచ్చు. ఫిజీ ఆ ముగ్గురిలో ఒకణ్ణి కెప్టెన్‌గా పెట్టుకుంది. ఆయన పేరు రాయ్ కృష్ణ. 1987లో లంబాసాలో పుట్టాడు. 1894 నుంచి చక్కెర మిల్లు నడుస్తున్న ఊరు అది. చెరుకు కూలీల వంశం. అప్పటికి న్యూజిలాండ్‌లో వృత్తి ఆటగాడిగా ఆడుతున్నాడు. మిగిలిన కుర్రాళ్లు ఎక్కువమంది స్వదేశంలోని జిల్లా జట్ల నుంచి వచ్చినవాళ్లే.

మొదటి ఆట ఆగస్టు 4న దక్షిణ కొరియాతో. సగం ఆట అయ్యేసరికి కొరియా ఒక్క గోలే చేసింది. ఆట ముగిసేసరికి ఎనిమిది! ఒకటి ఎనిమిది ఎట్లా అయిందని మా ఇంట్లో ప్రశ్న వచ్చింది. ఫుట్‌బాల్ తొంభై నిమిషాల పరుగు. రోజూ అదే వృత్తిగా పరుగెత్తేవాడికి అరవయ్యో నిమిషంలో కూడా ఊపిరి ఆడుతుంది. వారంలో కొన్ని రోజులు మాత్రమే సాధన చేసేవాడికి కాళ్లు బరువెక్కుతాయి, కాళ్ల కన్నా ముందు బుద్ధి అలసిపోతుంది. ఎవణ్ణి కాపలా కాయాలో మరిచిపోతాడు. ఒక గోలు పడ్డాక దాన్ని తీర్చాలని అందరూ ముందుకు పోతారు, వెనక ఖాళీ. పొయ్యి మీద పాలు పొంగేటప్పుడు చూడండి, అంతసేపూ నిదానంగా ఉండి, ఒక్క క్షణంలో గట్టంతా అయిపోతుంది. అట్లాంటిదే.

రెండో ఆట ఆగస్టు 7న సాల్వడార్ పట్నంలో మెక్సికోతో. మెక్సికో అంటే మాటలు కాదు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో బంగారు పతకం గెలిచిన దేశం. ఆట మొదలైన పదో నిమిషంలో రాయ్ కృష్ణ తలతో బంతిని గోలులోకి కొట్టాడు. ఒలింపిక్స్‌లో ఫిజీ చేసిన మొట్టమొదటి గోలు అది. ఆ తర్వాత సగం ఆట ముగిసేదాకా ఫిజీ 1, మెక్సికో 0. మెక్సికో జనాభా అప్పటికి పన్నెండు కోట్ల పైమాటే. పన్నెండు కోట్లమంది దేశాన్ని తొమ్మిది లక్షల దేశం ముప్పై అయిదు నిమిషాల పాటు వెనక నిలబెట్టింది. నన్నడిగితే ఆ ముప్పై అయిదు నిమిషాలనే పాఠ్యపుస్తకంలో పెట్టాలి. రెండో సగంలో మెక్సికో అయిదు గోల్స్ చేసింది, అందులో నాలుగు గుతియెరెజ్ అనే ఒక్కడివే. 5–1.

మూడోది ఆగస్టు 10న జర్మనీతో. 10–0. దాని గురించి చెప్పేందుకు పెద్దగా ఏమీ లేదు. జర్మనీ ఆ తర్వాత ఫైనల్ దాకా వెళ్లి, బ్రెజిల్ చేతిలో పెనాల్టీలతో ఓడి వెండి పతకం తెచ్చుకుంది.

మూడు ఆటల్లో ఇరవై మూడు గోల్స్ తిని, ఒక్కటి చేసి, ఫిజీ కుర్రాళ్లు ఆట చాలించారు. విచిత్రం చూడండి, ఆ మర్నాడే, ఆగస్టు 11న, ఫిజీ రగ్బీ జట్టు ఫైనల్లో గ్రేట్ బ్రిటన్‌ను 43–7తో చిత్తు చేసి బంగారు పతకం గెలిచింది. ఫిజీ దేశానికి ఒలింపిక్స్‌లో అదే తొలి పతకం. ఒకప్పుడు తమను ఏలినవాళ్ల మీదే గెలిచారు. దేశమంతా ఆ సంబరంలో మునిగిపోయింది. ఇంట్లో పెద్దకొడుకు ఫస్టు క్లాసులో పాసైన రోజున చిన్నకొడుకు ఫలితాలు ఎవరు అడుగుతారు?

పది గోల్స్ తినడం సిగ్గుపడాల్సిన సంగతి అని కొందరంటారు. అట్లా అనేవాళ్లకు నేను 1952 హెల్సింకి ఒలింపిక్స్ గుర్తుచేస్తాను. అప్పుడు మన భారతదేశం యుగోస్లావియా చేతిలో 10–1తో ఓడింది. మనవాళ్లలో కొందరు వట్టికాళ్లతో ఆడారు, చలికి కాళ్లు కొంకర్లు పోయాయి. ఆ జట్టుకు శిక్షకుడు మన హైదరాబాదీ, సయ్యద్ అబ్దుల్ రహీమ్. అసలు బడిపంతులు. ఆ ఓటమి తర్వాత మనవాళ్లకు బూట్లు తప్పనిసరి అయ్యాయి. రహీమ్ సాబ్ పాస్‌లు ఎట్లా ఇవ్వాలో, పరుగు ఎట్లా దాచుకోవాలో ఓపికగా నేర్పారు. నాలుగేళ్లకు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో అదే భారతదేశం ఆస్ట్రేలియాను వాళ్ల సొంతగడ్డ మీద 4–2తో ఓడించి నాలుగో స్థానంలో నిలిచింది. 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో ఫైనల్లో దక్షిణ కొరియాను 2–1తో ఓడించి బంగారు పతకం తెచ్చింది. ఆనాటి జట్టులో సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం కూడా ఉన్నాడు. రహీమ్ సాబ్ అప్పటికే క్యాన్సర్‌తో బాధపడుతున్నారు. మరుసటి ఏడు, 1963లో కన్నుమూశారు. ఇవాళ మన పిల్లల్ని క్రికెటర్ల పేర్లడిగితే గుక్కతిప్పుకోకుండా చెబుతారు. రహీమ్ పేరు అడిగి చూడండి.

చిన్న దేశాలన్నిటికీ ఒకే గీత కాదు. అయిస్‌లాండ్‌లో మూడున్నర లక్షల మందే ఉన్నా, 2018 ప్రపంచ కప్‌లో అర్జెంటీనాతో 1–1గా ముగించారు. లక్షన్నర మంది ఉన్న క్యూరసావ్ అనే దీవి 2025 నవంబరులో ప్రపంచ కప్‌కు అర్హత సంపాదించింది. డబ్బు, మైదానాలు, పెద్ద దేశాల్లో ఆడే అవకాశం ఉంటే అట్లా కుదురుతుంది. ఫిజీకి ఆ పాలు తక్కువ. 1987లో అక్కడ రెండుసార్లు సైన్యం ప్రభుత్వాన్ని పడగొట్టింది. భయపడి భారతీయ కుటుంబాలు వేలకొద్దీ ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, కెనడాలకు వెళ్లిపోయాయి. ఒకప్పుడు దేశంలో దాదాపు సగం ఉన్న మనవాళ్లు 2007 లెక్కల్లో నూటికి ముప్పై ఏడు మందికి తగ్గిపోయారు. ఒకసారి సముద్రం దాటిన ఇళ్లు మళ్లీ దాటాయి. 2025 మార్చిలో ప్రపంచ కప్ అర్హత పోటీల సెమీ ఫైనల్లో న్యూజిలాండ్ ఫిజీని 7–0తో ఓడించింది.

నాకు బాధ కలిగించే సంగతి గోల్స్ కాదు, భాష. ఫిజీలో మనవాళ్ల మాట ఫిజీ హిందీ అయిపోయింది. నాలుగో తరం, అయిదో తరం తెలుగు పిల్లలకు ఇంటిపేరు, పెళ్లిలో కొన్ని మాటలు, పండుగనాడు కొన్ని పిండివంటలు మిగిలాయి. వాళ్ల తప్పేం లేదు. పదడుగుల గదిలో ఉంటూ, పక్కింట్లో భోజ్‌పురి, ఎదురింట్లో అరవం వింటూ, పొద్దున్నే కొడవలి పట్టుకుపోయే తల్లికి బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకుని కథ చెప్పే తీరిక ఎక్కడిది? ఇక్కడ తీరిక ఉన్న మనమే పిల్లలతో ఇంగ్లీషులో ముక్కలు కలుపుతున్నాం. బడుల్లో ఎంత నేర్పినా, ఇంట్లో పలకని భాష నిలవలేదు. ఆట మాత్రం నిలిచింది. ఆటకు నోటి మాట అక్కర్లేదేమో.

2023లో ఫిజీ ప్రభుత్వం తొలిసారిగా మే నెలలో గిర్మిట్ దినం అని సెలవిచ్చింది. ఆడపిల్లలూ బంతి పట్టారు. 2022 జులైలో పసిఫిక్ దేశాల మహిళల కప్ సువాలో జరిగితే ఫిజీ ఆడపిల్లలు ఫైనల్ దాకా వచ్చి పాపువా న్యూగినీ చేతిలో 2–1తో ఓడారు. నూరుకు నలభై లెక్కతో ఓడ ఎక్కించిన గడ్డ మీద ఆడపిల్లలు నిక్కర్లు తొడుక్కుని గోలు కొట్టారంటే చిన్న సంగతి కాదు.

రాయ్ కృష్ణ మళ్లీ మన దేశానికే వచ్చాడు. తాతముత్తాతలు కూలికి పోయిన దారిలో వెనక్కి, జీతానికి. 2019లో కలకత్తా జట్టులో చేరి, మొదటి ఏడే పదిహేను గోల్స్ కొట్టి, జట్టుకు ఇండియన్ సూపర్ లీగ్ కప్ తెచ్చాడు. తర్వాత బెంగుళూరు, ఒడిశా జట్లకు కూడా ఆడాడు. 2022 మార్చిలో గోవాలో సెమీ ఫైనల్లో ఆయన కలకత్తా జట్టుకూ మన హైదరాబాద్ జట్టుకూ పోటీ పడింది. సెమీ ఫైనల్ అంటే రెండు ఆటలు, రెండింటి గోల్స్ కూడి చూస్తారు. మొదటిది హైదరాబాద్ 3–1తో గెలిచింది. ఆ ఒక్కటీ కొట్టింది రాయ్ కృష్ణ. రెండోది కలకత్తా 1–0తో గెలిచింది. ఆ ఒక్కటీ ఆయనదే. మొత్తం 3–2తో హైదరాబాద్ ఫైనల్‌కి వెళ్లి, మార్చి 20న కప్ కూడా గెలిచింది. 2025లో ఆ జట్టు హైదరాబాద్ వదిలి ఢిల్లీకి తరలిపోయింది, అది వేరే సంగతి. సెమీ ఫైనల్ రాత్రి మాత్రం మా పిల్లలు హైదరాబాద్ గెలిచిందని ఎగురుతూ ఉంటే, నేను ఓడిన జట్టు రెండు గోల్సూ ఆ లంబాసా పిల్లగాడివే కదా అనుకుంటూ పాలు తోడు పెట్టుకున్నాను.